పుట్టిలో నెట్టు

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అని అందరూ అంటుంటారు. నా సంగతి కొంచెం వేరు. నేను పుట్టి ఎక్కిన తర్వాతే బుద్ధెరిగాను. (పుట్టి అంటే వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. మా దగ్గర చేపలు పట్టేవాళ్ళు దాని మీదే నీళ్ళలోకి పోతారు.) ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు. ఫోన్లో బొమ్మలు కదిలే కాలమే. కాకపోతే ఊరు దాటితే ఆ కదిలే బొమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయే కాలం. నాకు ఇరవై రెండేళ్ళు. వికారాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది. వైరు ముక్కా, టేపు చుట్టా ఉంటే ఈ లోకంలో దేన్నయినా దేనితోనైనా కలపవచ్చని గట్టిగా నమ్మిన వయసు. అంచేత ఇక్కడ చెప్పబోయే వ్యవహారంలో ఎవరి తప్పెంతో తేల్చాల్సి వస్తే మొదట నా పేరే రాసుకోండి. రెండో పేరు ఎవరిదో చివరికి మీకే తెలుస్తుంది.

మాది తాండూరు. మా ఇంట్లో మగపిల్లలు మాటలు నేర్చుకునేలోపే నాపరాళ్ళ పేర్లు నేర్చుకుంటారు. మా మేనమామకు ఒక పాలిషింగ్ యూనిట్ ఉంది. పొద్దస్తమానం బండల మీద నీళ్ళు పోస్తూ మిషన్ తిప్పడం, సాయంత్రానికి తెల్లటి బురదలో మునిగి తేలిన బొమ్మల్లా ఇంటికి రావడం. డిప్లొమా కాగానే రేపటి నుంచి వచ్చెయ్యమన్నాడు మామ. నేను మాత్రం మెడ నిలబెట్టి, నాకు రాతి పని వద్దు, రాత పని కావాలన్నాను. మాట బాగా కుదిరిందని ఆ పూటంతా నాలో నేనే మురిసిపోయాను. మామ మురిసిపోలేదు. "మంచిది అల్లుడా, పో. నీ రాత మంచిగ లేకపోతె నా రాయి యాడికి పోదు" అన్నాడు. ఆయన బెదిరించలేదు, ఉన్నమాటే చెప్పాడు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

రాత పని దొరకనే దొరికింది. నీళ్ళూ, చేపలూ, వాటి బాగోగులూ లెక్కగట్టే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో ఆరు నెలల కచ్చా ఉద్యోగం. పని వినడానికి చాలా తేలిక. రోజూ కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ళ మధ్యకు వెళ్ళాలి. కంపెనీ వాళ్ళు తేలవేసిన పసుపు డబ్బా దగ్గర ఆగి, నీటి వేడి చూసి, వలలో పడ్డ నాలుగు చేపల పొడవు కొలిచి, తొట్టిలో వాటి ఫోటో తీసి, పదకొండు గంటల్లోపు నీళ్ళ మీది నుంచే ఆప్‌లో పంపాలి. ఒడ్డుకొచ్చి పంపితే చెల్లదు. ఆప్‌కు మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. పదకొండు దాటితే ఆ రోజు నా పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. మూడు ఎర్ర గుర్తులు పడితే ఇక రానక్కర్లేదు. (రానక్కర్లేదు అంటే నేరుగా మామ దగ్గరికి పొమ్మని అర్థం. అది కాగితంలో రాయలేదు గానీ నాకు స్పష్టంగా కనిపించింది.)

ఈ సంగతులన్నీ నాకు వివరించిన పెద్దమనిషిని మేము రేంజి సార్ అని పిలిచేవాళ్ళం. వికారాబాద్ ఆఫీసులో కూలరుకు ఎదురుగా కూర్చునేవాడు. మనం మన రేంజి పెంచుకోవాలె తమ్మీ అనేది ఆయన ఊతపదం. ఆయన కూర్చున్న కిటికీ లోంచి చూస్తే టవర్ కనిపించేది, కాబట్టి ఆయన రేంజికి ఎప్పుడూ ఢోకా లేదు. నేను మొదటి రోజే అడిగాను, గుట్టల నడుమ నీళ్ళ మీద సిగ్నల్ దొరుకుతుందా సార్ అని. ఆయన పెన్ను మూత పెట్టి, నా వైపు జాలిగా చూసి ఒక మాట అన్నాడు. ఆ మాటను ఆ తర్వాత మా ఆఫీసు ఫోన్ గ్రూపులో కనీసం వారానికి రెండుసార్లు పెట్టేవాడు గనక నాకు నేటికీ కంఠతా ఉంది. "సిగ్నల్ రాకపోవుడు అనేది ఉండది తమ్మీ. మన ప్రయత్నం రాకపోవుడే ఉంటది."

ఇక నన్ను రోజూ నీళ్ళలోకి తీసుకుపోయే మనిషి పుట్టి తాత. డెబ్బైకి దగ్గరపడ్డ సన్నటి మనిషి. మొలకు ఒక ప్లాస్టిక్ సంచి కట్టుకుని ఉండేవాడు, అందులో బీడీలు గాక ఇంకేముంటాయో నేనెప్పుడూ అడగలేదు. తాండూరు నుంచి పెద్దేముల్ మీదుగా షేర్ ఆటోలో పదిమందిలో పన్నెండో వాడిగా వేలాడుతూ నేను తొమ్మిదిన్నరకు ఒడ్డు చేరేసరికి, తాత తెల్లవారుజామున వేసిన వలలు తీసుకుని నీళ్ళలోనే ఉండేవాడు. అక్కడ ఒక పక్కగా, ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయిన ఏదో చెట్టు మోడు ఒకటి మొల లోతు నీళ్ళలోంచి పైకి పొడుచుకుని ఉండేది. తాత పుట్టిని ఆ మోడుకు ఆనించి, వంగి కూర్చుని, తనలో తాను నవ్వుకుంటూ ఏదో మాట్లాడుతుండేవాడు. గాలివాటుకు ఒక్కోసారి ఊటా ఆయ్తా, ఊటా ఆయ్తా అని కన్నడంలో అన్నం తిన్నావా అని అడగడం వినిపించేది. వయసు పైబడితే మనుషులు చేపలతో కూడా మాట్లాడతారు కాబోలు, అదీ సరిహద్దు దగ్గరి చేపలు గనక కన్నడంలో కాబోలు అని జాలిపడేవాణ్ణి. (ఎవరు ఎవరి మీద జాలిపడాలో తెలియని వయసు అని ముందే మనవి చేశాను.)

మొదటి రోజే మా ఇద్దరి మధ్య ఒక భాషా సమస్య మొదలైంది. పసుపు డబ్బా దగ్గరికి చేరాక ఫోన్ తీసి చూస్తే గీతలన్నీ మాయం. నేను నీరసంగా, నెట్టు లేదు తాతా అన్నాను. తాత వెంటనే వెనక్కి తిరిగి తడి వలను ఎత్తి చూపించాడు. నెట్టు అంటే వలేనని ఎవరో ఫారెస్టు ఆఫీసరు ఆయనకు ఎప్పుడో చెప్పి ఉన్నాడట. ఆ నెట్టు కాదు తాతా, ఇది ఫోన్లో వచ్చే నెట్టు, అది కావాలి అన్నాను. కావాలి అనగానే ఆయన గడ కర్ర అందుకుని, నీటి అడుగున ఆనించి ఒక్క తోపు తోశాడు. పుట్టి గిర్రున ఒక చుట్టు తిరిగి పది గజాల అవతల ఆగింది. గడతో పుట్టిని తోయడాన్ని వాళ్ళు నెట్టుడు అంటారు. మా తాండూరు ఇంట్లో మేం నూకుడు అంటాం గనక నాకు వెలగలేదు. వెలిగాక కడుపుబ్బ నవ్వి, తాతకు అరగంట సేపు ఇంటర్నెట్ అంటే ఏమిటో ఆకాశం, టవరు, తరంగాలు అన్నీ చేతులతో చూపిస్తూ వివరించాను. ఆయన ఓపిగ్గా విని, "అయితె నెట్టాల్నా వద్దా?" అని అడిగాడు.

ఆ రోజు వద్దన్నాను. లేచి నిలబడి ఫోన్ పట్టుకున్న చేతిని ఆకాశంలోకి చాపాను. నీళ్ళ మీద నిలబడి చెయ్యెత్తి ఎవరినో పిలుస్తున్నట్టున్న నన్ను చూసి, హైదరాబాద్ నుంచి వచ్చి రంగురంగుల ప్లాస్టిక్ పడవలు తొక్కుకుంటున్న ఒక జంట మర్యాదగా చేతులూపింది. చెయ్యి మార్చి మార్చి ఎత్తాను. ఒక గీత వచ్చేది, ఫోటో పంపమనేలోపు పోయేది. ఈలోపు తొట్టిలో చేపలు మూతులు తెరుస్తూ ఉంటే తాత ఊరుకోలేక, నీ బొమ్మ కోసం అవి సచ్చేటట్టున్నయ్ కొడుకా అని వాటిని నీళ్ళలో వదిలేశాడు. పదకొండు దాటింది. సాయంత్రం గ్రూపులో నా పేరు పక్కన మొదటి ఎర్ర గుర్తు, దాని కింద రేంజి సార్ సూక్తి. ఆ తర్వాత వారం రోజులు ఎలాగో గట్టెక్కాను. ఆ గట్టెక్కడం ఎలా ఉండేదంటే, రోజూ పది నుంచి పదకొండు వరకు నా గుండెలో కూడా ఒక గీత వచ్చేది, ఒక గీత పోయేది.

ఇలాగైతే లాభం లేదని నా డిప్లొమా మేల్కొంది. తాండూరు స్టేషన్ రోడ్డులో మొబైల్ రిపేరు కొట్టు పెట్టుకున్న ఒక చిచ్చా (అంటే బాబాయి) ఉండేవాడు. ఊళ్ళో పాడైన ప్రతి వస్తువూ ఆయన చేతిలో ఇంకో వస్తువుగా మారి బతికేది. ఆయనకు నా కష్టం చెప్పుకున్నాను. ఆయన అటక మీంచి ఒక పాత టీవీ యాంటెన్నా దింపి, దాని అల్యూమినియం పుల్లలను అంగుళాల లెక్కన కోసి, ఫోనుకు సిగ్నల్ అందించే ఒక డాంగిల్‌కు వైరుతో అతికించి, పవర్ బ్యాంకుకు తగిలించి నా చేతిలో పెట్టాడు. "టవర్ కీ తరఫ్ మూ రఖ్నా మియా, బస్. జరా భీ ఇధర్ ఉధర్ నై హోనా" అన్నాడు. టవర్ వైపే దాని మొహం ఉండాలి, ఏమాత్రం పక్కకు తిరగకూడదు, అంతే సంగతి. అంతే కదా అనుకున్నాను. మొహం ఒక వైపు పెట్టి ఉంచడం ఏమంత కష్టం అనుకున్నాను. (ఈ వాక్యాన్ని నా డిప్లొమా సర్టిఫికెట్ వెనకాల రాసి పటం కట్టించుకోవాలి.)

మర్నాడు ఆ పుల్లల చట్రాన్ని ఒక పొడవాటి వెదురు కర్ర చివర కట్టుకుని ఒడ్డుకు చేరాను. షేర్ ఆటోలో దాన్ని బయటికి చాచి పట్టుకుంటే దారి పొడుగునా మేకలు పక్కకు తప్పుకున్నాయి. తాత దాన్ని పైకీ కిందికీ చూశాడు. నడుమ ఒక కడ్డీ, దానికి అటూ ఇటూ పుల్లలు. "మాంసమంత నువ్వు తిని ముల్లు మాకు తెచ్చినవా?" అన్నాడు. నిజంగానే అది పెద్ద చేప ముల్లులా ఉంది. అప్పటి నుంచి మా ఇద్దరికీ దాని పేరు ముల్లే. వెదురును పుట్టి అడ్డబద్దకు తాళ్ళతో బిగించి, గుట్ట మీద చుక్కలా కనిపించే టవర్ వైపు ముల్లు మొహం తిప్పాను. ఫోన్లో గీతలు టకటకా లేచాయి. ఒకటి, రెండు, మూడు. నా జన్మ ధన్యమైంది. ఆ ధన్యత దాదాపు నాలుగు సెకన్లు నిలిచింది. ఎందుకంటే పుట్టి గుండ్రంగా ఉంటుంది. గుండ్రంగా ఉన్నది నీళ్ళ మీద ఊరికే ఉండదు, తిరుగుతుంది. టవర్ వైపు ఉన్న ముల్లు మొహం నెమ్మదిగా కోట్‌పల్లి వైపు, ఆ తర్వాత కర్ణాటక వైపు, ఆ తర్వాత మా తాండూరు వైపు సాగి, ఊళ్ళన్నీ పలకరించి మళ్ళీ టవర్ వైపు వచ్చింది. వచ్చినప్పుడల్లా మూడు గీతలు, పోయినప్పుడల్లా సున్నా. పుట్టిని కొంచెం ముందు వైపుకే ఉంచు తాతా అని బతిమాలాను.

"దీనికి ముందు ఎన్క ఉండయ్ కొడుకా. యాడ కూసుంటె గదే ముందు," అన్నాడాయన.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తాళ్ళు విప్పేసి, వెదురును రెండు చేతులతో పట్టుకుని పుట్టి నడుమ నిలబడ్డాను. పుట్టి కుడికి తిరిగితే నేను ఎడమకు, అది ఎడమకు తిరిగితే నేను కుడికి. కాళ్ళ కింద భూమి (అదే, బుట్ట) ఒక వైపు, మొండెం ఇంకో వైపు, కళ్ళు టవర్ వైపు. తిరగలిలో గింజ ఎలా నలుగుతుందో నాకు ఆ రోజు అర్థమైంది. ఫోటో సగం దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నా పొద్దుటి ఇడ్లీలు కూడా సగం దాకా వచ్చాయి. ముల్లును తాత చేతిలో పెట్టి నేను పుట్టి అంచున వంగిపోయాను. రెండో ఎర్ర గుర్తు. కళ్ళు తుడుచుకుని రేంజి సార్‌కు ఫోన్ చేసి, పుట్టి తిరుగుతోంది సార్ అని మొరపెట్టుకున్నాను. ఆయన "పుట్టి తిరుగుతె నువ్వెందుకు తిరుగుతవ్ తమ్మీ, స్థిరంగ ఉండాలె" అని ఫోన్ పెట్టేశాడు. అది సలహానో, తత్వమో నాకు ఇప్పటికీ తెలియదు.

పుట్టి తిరక్కుండా ఉండాలంటే రెండు వైపులా తాళ్ళు కట్టి బరువైనవేవో నీళ్ళలోకి దించాలి. బరువైనవి అనగానే మా తాండూరులో పుట్టిన వాడికి ఇంకేం గుర్తొస్తుంది. రెండు రోజులు మొహం చెల్లక, చెయ్యెత్తే పాత పద్ధతిలోనే ఎలాగో ఫోటోలు పంపుకుంటూ తిరిగి, మూడో రోజు సాయంత్రం మామ యూనిట్ ముందు నిలబడ్డాను. మామ మిషన్ ఆపాడు. పనివాళ్ళు కూడా పని ఆపి చుట్టూ చేరారు. నడుమ బెజ్జం ఉన్న రెండు బండ ముక్కలు కావాలి మామా అన్నాను. ఆయన మొహమంతా తెల్లటి బురద, అందులోంచి మెల్లగా పళ్ళు కనిపించాయి. "రాత పని జేస్తనని పోయినోనికి రాయి ఎందుకు అల్లుడా?" రాత బాగుండాలంటే రాయి కావాల్సి వచ్చిందన్నాను. ఆయనే రెండు చదరపు ముక్కలు ఎంచి, బెజ్జాలు వేయించి, అంచులు గీసుకుపోతాయని నున్నగా పాలిష్ కూడా పట్టించి ఇచ్చాడు. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం, ఎల్లుండి నుంచి ఆరు గంటలకే మిషన్ ఎక్కాలె, ఏడు గంటలకు గాదు అన్నాడు. ఎల్లుండి అని ఆయన అంత ధీమాగా ఎలా అన్నాడో ఆలోచిస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మర్నాడు మబ్బు పట్టి, గాలి కొంచెం ఎక్కువగానే ఉంది. ఇటొక బండ, అటొక బండ దించాం. తాళ్ళు బిగిసి పుట్టి నిలిచింది. నా జీవితంలో అంత అందమైన నిశ్చలత్వం నేను చూడలేదు. ముల్లు టవర్ వైపు రెప్పవేయకుండా చూస్తోంది. నీటి వేడి చూశాను, చేపలు కొలిచాను, ఫోటో తీశాను. పది గంటల ముప్పై ఐదు నిమిషాలు. పంపు అన్న గుర్తు నొక్కగానే చిన్న నీలం చక్రం తిరగడం మొదలైంది. ఆ పుట్టిలో తిరుగుతున్నది అదొక్కటే. గీతలు మూడు, ఆ తర్వాత నాలుగు. నాలుగో గీతను నేను నీళ్ళ మీద అంతవరకు ఎన్నడూ చూడలేదు. చక్రం ముప్పాతిక దాటింది. నా సంతోషం పట్టలేక, ఎదురుగా గడ కర్ర పట్టుకుని కూర్చున్న తాత భుజం చరిచి, నెట్టు, నెట్టు తాతా, ఫుల్లు నెట్టు అని కేక పెట్టాను.

తాత ఫుల్లుగా నెట్టాడు.

డెబ్బై ఏళ్ళ మనిషిలో అంత బలం ఉంటుందని నేను ఊహించలేదు. ఒక వైపు తాడు బిగుసుకుంది, మా మామ రాయి నేను చచ్చినా కదలనంది. రెండో వైపు పుట్టి లేచింది. వెదురు వంగింది. కళ్ళ ముందే ముల్లూ, డాంగిలూ, పవర్ బ్యాంకూ వరుసగా, ఏ తొందరా లేకుండా, ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి దిగిపోయాయి. తొట్టి ఒరిగి చేపలు కూడా వాటితో పాటే వెళ్ళాయి. వాటిలో ఒకటి వెళ్ళేటప్పుడు నా వైపు చూసిందని నా అనుమానం. ఫోన్లో నీలం చక్రం ఆగి, నెట్‌వర్క్ లేదు అన్న మాట వచ్చింది.

నేను పుట్టి అడుగున చతికిలబడ్డాను. తాత మీద అరవాలని ఉంది. కానీ ఆయన చేసిందేమిటి, నేను చెప్పిందే కదా. పది నలభై ఐదు. మూడో ఎర్ర గుర్తుకు పావుగంట. తెల్లటి బురద, మిషన్ చప్పుడు, ఆరు గంటలు. తాత నీళ్ళ వైపూ, నా వైపూ మార్చి మార్చి చూసి, మెత్తగా అడిగాడు. "ఇంతకు నువ్వు ఎవ్వలతోని మాట్లాడాలె కొడుకా రోజు?"

ఎవ్వరితోనూ కాదు తాతా, ఈ బొమ్మ హైదరాబాద్ పోవాలి, లేకుంటే నా ఉద్యోగం పోతుంది అన్నాను.

"బొమ్మ పోవుడా? సేడం నుంచి నా బిడ్డ, మనుమరాలు బొమ్మల కనవడ్తరు గద, గట్లనా?"

ఆయన మొలకున్న ప్లాస్టిక్ సంచి విప్పాడు. బీడీ కట్ట పక్కనుంచి నా ఫోన్ కంటే పెద్ద ఫోన్ ఒకటి బయటికి వచ్చింది. సరిహద్దుకు అవతల సేడం దిక్కు ఇచ్చిన కూతురు కొనిపెట్టిందట. మనుమరాలికి కన్నడం తప్ప రాదు గనక రోజూ పొద్దున మోడు కాడ ఆగి ఆ పిల్లను ఊటా ఆయ్తా అని అడుగుతాడట. రెండు గుట్టల సందులోంచి ఆ మోడు దగ్గరికి ఒక్కచోటికే ఇంకో టవర్ కనిపిస్తుందట. నేను నోరు తెరిచి (ఆగిపోయిన బొమ్మలాగే) ఆయన వైపు చూసి, ఇన్ని రోజులూ ఈ మాట నాకెందుకు చెప్పలేదు తాతా అన్నాను.

"నువ్వు మాట్లాడే జాగ అడుగలే గద. నెట్టు గావాలన్నవ్. నెట్టుతనే ఉన్న."

తాళ్ళు కోసేసి, బండలు వదిలేసి, తాత నిజంగా నెట్టడం అంటే ఏమిటో చూపించాడు. మోడుకు పుట్టి తగిలేసరికి పది యాభై ఆరు. ఏ ముల్లూ లేదు, ఏ వైరూ లేదు. నా ఫోన్లో నాలుగు గీతలు వాటంతట అవే లేచి కూర్చున్నాయి. నీలం చక్రం ఒక్క చుట్టు తిరిగి పచ్చగా మారింది. నేను మోడును కావలించుకున్నాను. దాని మీదున్న కొంగకు ఇది నచ్చలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే నేను చాలా మంచివాణ్ణని మీరు అనుకునే ప్రమాదం ఉంది. ఆ రోజు నుంచి నా ఫోటోలు పది గంటలకే పోవడం మొదలయ్యాయి. నెల తిరిగేసరికి గ్రూపులో రేంజి సార్ ఒక పెద్ద మెసేజ్ పెట్టాడు. నీళ్ళ నడుమ సిగ్నల్ రాదు అన్న ఒక తమ్ముడికి తాను దగ్గరుండి ధైర్యం చెప్పి రేంజి ఎలా పెంచాడో అందులో రాసుకున్నాడు. కింద ఇరవై ముగ్గురు బొటనవేళ్ళు చూపించారు. వాటిలో ఒక వేలు నాది కూడా. ఉద్యోగం అలాంటిది. నీళ్ళలోని నా డాంగిల్ గుర్తొచ్చింది, ఇడ్లీలు గుర్తొచ్చాయి, ఊరుకున్నాను. ఊరుకోని వాళ్ళు, మా కంపెనీ పెద్దలు, పైన హైదరాబాద్‌లో ఉన్నారు. అంత బాగా సిగ్నల్ వస్తుంటే వచ్చే సోమవారం పదకొండు గంటల మీటింగుకు మీరే నీళ్ళ మీది నుంచి వీడియోలో కనిపించి అందరికీ చూపించండి అని ఆయనకు చెప్పారు.

సోమవారం నేను నా ఫోటో ముందే పంపేసి ఒడ్డుకొచ్చేసరికి రేంజి సార్ తెల్ల ప్యాంటు, నల్ల బూట్లతో దిగాడు. పుట్టిలోకి ఎక్కేముందు, ఎక్కడికి పోవాలో నాకు తెలుసు తమ్మీ, నువ్వు నడుమ మాట్లాడకు అన్నాడు. నాకు అంతకంటే స్పష్టమైన ఆజ్ఞ ఎప్పుడూ అందలేదు. నడుమ మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. ఆయన చెప్పినట్టే పసుపు డబ్బా దగ్గరికి పోయాం. ఆయన లేచి నిలబడి ఫోన్ ఎత్తాడు. ఆ చెయ్యెత్తే తీరు చూస్తే, నా చొక్కా ఇంకెవరో తొడుక్కు తిరుగుతున్నట్టు అనిపించింది. చాలాసేపటికి ఒక గీత వచ్చింది. "ఆఁ, నెట్టు. నెట్టు వచ్చింది" అన్నాడు.

తాత గడ అందుకున్నాడు. అప్పటికి నెల రోజులుగా ఆయనకు ఏ నెట్టు ఏమిటో బాగా తెలుసు. నా వైపు ఒక్కసారి చూశాడు. నేను అడ్డు చెప్పి ఉండవచ్చు. సార్ చెప్పింది ఫోన్ సంగతి తాతా అని ఒక్క ముక్క అంటే చాలు. నాకు ఆ క్షణాన నీటి వేడి మళ్ళీ ఒకసారి చూడాల్సిన అవసరం చాలా గట్టిగా కనిపించి, అటు తిరిగి వంగాను. పుట్టి కదిలింది. తెల్ల ప్యాంటు తొట్టిలో కూర్చుంది. చేపలు సర్దుకున్నాయి. మళ్ళీ లేచాడు, మళ్ళీ గీత వచ్చింది, అరె నెట్టు, నెట్టు అన్నాడు, తాత మళ్ళీ నెట్టాడు. పదకొండు లోపు అలా నాలుగుసార్లు జరిగింది. అటు తర్వాత ఆయన నిలబడలేదు.

పదకొండున్నర దాటాక ఒడ్డుకు తిరిగి వస్తూ తాత పుట్టిని మోడు పక్కనుంచి పోనిచ్చాడు. దారి అటు కాదు. సార్ జేబులో ఫోన్ ఒక్కసారిగా టింగు టింగుమని మోగడం మొదలుపెట్టి, ఎంతకూ ఆపలేదు. ఎక్కడున్నారు, కనిపించడం లేదు, వినిపించడం లేదు, మీటింగ్ అయిపోయింది. ఆయన అన్నీ చదివాడు. చదివి మోడు వైపు చూశాడు, దాని మీది కొంగ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు మొహం ఆ నిమిషాన ఎంత అమాయకంగా పెట్టాడో ఇప్పుడు గుర్తొస్తే, వాణ్ణి మందలించాలో, పిలిచి చాయ్ తాగించాలో నాకు తేలదు. వాడు గొంతు సవరించుకుని, ఎంతో వినయంగా అన్నాడు. "సిగ్నల్ రాకపోవుడు అనేది ఉండది సార్. మన ప్రయత్నం..."

మిగతాది పూర్తి చేయలేదు. అవసరం కనిపించలేదు. తాత గడ నీళ్ళలో ఆనించి, ఒడ్డు వైపు చూస్తూ, ఇగ నెట్టాల్నా అని నన్ను అడిగాడు. నెట్టు తాతా అన్నాను. ఆ మాటకు మా ఇద్దరికీ ఒకే అర్థం వచ్చింది ఆ ఒక్కసారే.